ఆశ్రమంలో 21 రోజులు సరే, 22వ రోజు సంగతేంటి?

మీ ప్రశ్న పొడవుగా ఉంది కాబట్టి, తర్వాత చదివేవాళ్ల కోసం నాలుగు ముక్కల్లో మళ్లీ చెప్తాను. మీ అమ్మగారికి 58 ఏళ్లు, రాజమండ్రిలో నాన్నగారితో ఉంటున్నారు. ఆరేళ్లుగా రెండు మోకాళ్లూ, నడుమూ నొప్పి. షుగరు, బీపీ కూడా ఉన్నాయి. ఎక్స్‌రే చూసిన డాక్టరు గుజ్జు అరిగింది కానీ ఇప్పుడే ఆపరేషన్ అక్కర్లేదు అన్నారు. ప్రకృతి చికిత్స ఆశ్రమంలో 21 రోజులు పెడదామని మీ ఉద్దేశం. "పిన్ని వెళ్లొచ్చింది కదా, మూడు నెలల్లో మళ్లీ మొదటికొచ్చింది, డబ్బు దండగ" అని మీ అన్నయ్య అంటున్నారు. కేరళ పంపితే ఎలా ఉంటుందని కూడా అడిగారు.

నేను ఫిజియోథెరపిస్టుని. 27 ఏళ్లలో ఏడేళ్లు ఒక ప్రకృతి చికిత్స కేంద్రంలో పనిచేశాను, మిగతాదంతా ఆసుపత్రుల్లో, సొంత క్లినిక్‌లో. అంటే లోపలికి వెళ్లేవాళ్లనీ చూశాను, ఇంటికొచ్చాక మళ్లీ కుంటుకుంటూ నా దగ్గరికి వచ్చేవాళ్లనీ చూశాను.

పంపండి. కానీ ఆమె తిరిగొచ్చిన మర్నాటి నుంచి ఏం జరగాలో ఇప్పుడే కూర్చుని మాట్లాడుకోండి. అది కుదరదనుకుంటే మాత్రం మీ అన్నయ్య మాటే వినండి, డబ్బు మిగులుతుంది.

పిన్నిగారి సంగతే తీసుకుందాం. మూడు నెలల్లో నొప్పి తిరిగొచ్చిందని అందరూ అంటున్నారు. ఆ మూడు నెలలు ఎందుకు తగ్గిందో ఎవరూ అడగట్లేదు. మోకాలి గుజ్జు 21 రోజుల్లో పెరగదు, మూడు నెలల్లో మళ్లీ అరిగిపోదు. ఎక్స్‌రే ముందూ తర్వాతా ఒకటే. మరి మారిందేంటి?

ఆశ్రమంలో ఒక రోజు ఎలా గడుస్తుందో చూడండి. తెల్లవారుజామున ఐదింటికి గంట కొడతారు. ఆసనాలు, నడక, పొట్ట మీద మట్టి పట్టీ, ఒక రోజు ఆవిరి స్నానం, ఒక రోజు తొట్టి స్నానం, మర్దన. ఉప్పు, నూనె లేని తిండి. సాయంత్రం మళ్లీ నడక, భజనో ఉపన్యాసమో. తొమ్మిదికల్లా దీపాలు ఆర్పేస్తారు. ఇంటి దగ్గర ఫోను చూస్తూ పదకొండున్నరదాకా మెలకువగా ఉండే మనిషి అక్కడ వారం తిరిగేసరికి ఏడు గంటలు నిద్రపోతుంది. నిద్ర సరిగ్గా లేనివాళ్లకి అదే దెబ్బ ఎక్కువ నొప్పిగా తెలుస్తుంది. నెలల తరబడి నొప్పి ఉంటే నరాలూ మెదడూ చిన్నదానికి కూడా పెద్దగా మొరపెట్టడం అలవాటు చేసుకుంటాయి. నిద్ర, కదలిక, భయం తగ్గడం, ఈ మూడూ కలిస్తే ఆ మొర కాస్త తగ్గుతుంది.

ఇంకో సంగతి ఉంది, దాన్ని ఎవరూ చికిత్సలో లెక్కెయ్యరు. ఆ 21 రోజులూ మీ పిన్నిగారు వంట చెయ్యలేదు. పొయ్యి దగ్గర గంటన్నర నిలబడలేదు, పీట మీద కూర్చుని కూరలు తరగలేదు, బకెట్లు మొయ్యలేదు, ఎవరికీ కాఫీ ఇవ్వలేదు. మా సెంటర్‌కి వచ్చే ఆడవాళ్లలో చాలామందికి పెళ్లయ్యాక వరసగా మూడు వారాలు ఎవరో వండిపెట్టగా తినడం అదే మొదటిసారి. మొదటి రెండు రోజులు "ఇంట్లో వాళ్లేం తింటున్నారో" అని టెన్షన్ పడేవాళ్లు, నాలుగో రోజుకి నవ్వడం మొదలుపెట్టేవాళ్లు. మట్టి పట్టీకి ఎంత పేరు ఇవ్వాలో నాకు తెలీదు గానీ, దీనికి మాత్రం సగం పేరు ఇస్తాను.

మిగతా సగం పక్క మంచం మనిషిది. గుంటూరు నుంచి వచ్చినావిడా, నిజామాబాద్ నుంచి వచ్చినావిడా పక్కపక్క మంచాల మీద. ఒకరు మూడోసారి వచ్చినవాళ్లు, ఒకరు కొత్త. "నాకూ మొదట్లో అలాగే ఉండేది, నడువు, ఏం కాదు" అని పక్కావిడ చెప్పిన మాట నేను చెప్పినదానికంటే పదిరెట్లు పనిచేసేది. నడిస్తే ఇంకా అరిగిపోతాయేమో అన్న భయంతో ఆరేళ్లుగా తొడ కండరం వాడని మనిషి, పక్కావిడ చెయ్యి పట్టుకుని తోటలో రెండు చుట్లు తిరిగేది. అందుకే మిమ్మల్ని ఒకటి అడుగుతున్నాను. ఖర్చు పెట్టగలరు కదా అని ఏసీ సింగిల్ రూమ్ తీసుకోకండి. నలుగురుండే గదిలోనో డార్మిటరీలోనో వెయ్యండి. గురక పెట్టేవాళ్లు ఒకరు తగులుతారు, అది తప్పదు.

ఇదంతా నా అనుభవమే కాదు. స్పా చికిత్స మీద ఐరోపాలో గట్టి పరీక్షలు జరిగాయి. అక్కడ వేడినీటి బుగ్గలున్న ఊళ్లకి మూడు వారాలు వెళ్లడం పాత అలవాటు, ఫ్రాన్స్‌లో డాక్టరు రాసిస్తే ప్రభుత్వ ఆరోగ్య బీమా చికిత్స ఖర్చులో కొంత భరిస్తుంది. ఆ దేశంలోనే ఏక్స్ లే బాఁ, బలరుక్, డాక్స్ అనే మూడు ఊళ్లలో మోకాళ్లు అరిగిన 462 మందిని రెండు గుంపులు చేశారు. ఇంట్లో చేసుకునే వ్యాయామాలు అందరికీ నేర్పారు. ఒక గుంపుకి అదనంగా 18 రోజులు వేడినీళ్లు, బురద పట్టీలు, మర్దన, నీళ్లలో వ్యాయామం. ఆరు నెలల తర్వాత చూస్తే, చెప్పుకోదగ్గ మేలు కలిగినవాళ్లు స్పా గుంపులో దాదాపు 51 శాతం, వ్యాయామం ఒక్కటే చేసిన గుంపులో 36 శాతం. తేడా ఉంది. అలాగని స్పాకు వెళ్లినా సగంమందికి అంత మేలు జరగలేదన్నది కూడా అదే లెక్కలో ఉంది, దాన్ని మీ అన్నయ్యగారికి వదిలేస్తున్నాను. పైగా ఎవరు ఏ గుంపులో ఉన్నారో వాళ్లకి తెలుసు. స్పాకు వెళ్లానన్న సంతోషం కూడా ఆ 51లో కొంత ఉండి ఉంటుంది.

నాకు ఇంతకంటే ఇష్టమైన పరీక్ష నెదర్లాండ్స్ వాళ్లది, 2001లో వచ్చింది. అది మోకాళ్ల మీద కాదు, వెన్నుపూసలు బిగుసుకుపోయే యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ మీద. 120 మందిని నలభై నలభైగా విడదీశారు. ఒక గుంపు ఆస్ట్రియాలోని బాడ్ హోఫ్‌గాస్టైన్‌కి, ఒక గుంపు తమ దేశంలోనే ఉన్న ఆర్సెన్‌కి మూడు వారాలు వెళ్లింది, మూడో గుంపు ఇంటి దగ్గరే ఉండి మామూలు మందులు వాడింది, వారానికోసారి గుంపు వ్యాయామం చేసింది. స్పాకు వెళ్లిన రెండు గుంపులవాళ్లూ తిరిగొచ్చి ఊరుకోలేదు. తర్వాత 37 వారాలు వాళ్లూ వారానికోసారి గుంపుగా వ్యాయామం చేశారు. స్పా వల్ల వచ్చిన అదనపు మేలు 40 వారాలదాకా కొంత నిలబడింది. పిన్నిగారికి మూడు నెలల్లో పోయింది, వీళ్లకి తొమ్మిది నెలలు నిలిచింది. జబ్బు వేరు, మనుషులు వేరు, సూటిగా పోల్చకూడదు, ఒప్పుకుంటాను. కానీ ఆ 37 వారాలు పిన్నిగారికి ఎవరిచ్చారు? ఆటో దిగి నేరుగా వంటింట్లోకి వెళ్లుంటారు. ఇల్లు అలకగానే పండగ కాదంటారే, అలాంటిదే.

కేరళ సంగతి. కోట్టక్కల్ ఆర్యవైద్యశాల 1902 నుంచి ఉంది, అలాంటి చోట పద్ధతిగానే చూస్తారు. నూనె మర్దన హాయిగా ఉంటుంది, కాదనను. నా అభ్యంతరం వేరు. అమ్మగారికి మలయాళం రాదు, ఇంగ్లీషు అంతంతమాత్రం అంటున్నారు. పక్క మంచం మనిషితో మాట్లాడలేకపోతే పైన చెప్పినదాంట్లో సగం పోయినట్టే. గోదావరి జిల్లాల్లో, విజయవాడ దగ్గర, హైదరాబాద్‌లో తెలుగువాళ్లే ఉండే చోట్లు బోలెడున్నాయి. అమీర్‌పేటలో ప్రభుత్వ ప్రకృతి చికిత్సాలయమే ఉంది. ఈ వైద్యం మనకి కొత్తదీ కాదు. జర్మనీ లూయీ కూనే తొట్టి స్నానాల పుస్తకాన్ని 1894లోనే తెలుగులోకి తెచ్చుకున్నాం. తర్వాత గాంధీగారు 1946లో పుణెలో ప్రకృతి చికిత్స కేంద్రం పెడదామనుకుని, పేదవాళ్లు పట్నందాకా రారని తెలుసుకుని, దగ్గర్లోని ఉరుళీకాంచన్ అనే పల్లెకి వెళ్లి అక్కడే మొదలుపెట్టారు. చికిత్స మనుషులుండే చోటికి వెళ్లాలన్నది అప్పటి మాటే. ఇప్పుడేమో మనం మనుషుల్ని రిసార్టులకి పంపిస్తున్నాం.

పంపే ముందు చూసుకోవాల్సినవి. అమ్మగారికి షుగర్ ఉంది కాబట్టి ఇది జాగ్రత్తగా చదవండి.

ఉపవాసం, జ్యూసులు అంటారు. ఆమె వేసుకునే షుగర్ మాత్రల్లో గ్లిమెపిరైడ్ ఉన్నా, ఇన్సులిన్ తీసుకుంటున్నా, తిండి మానేసి మందు మానకపోతే షుగర్ పడిపోయి కళ్లు తిరిగి పడతారు. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్ర ఉంటే ఉపవాసం ఇంకో రకంగా ప్రమాదం, షుగర్ అంకె మామూలుగానే కనిపిస్తూ రక్తంలో ఆమ్లాలు పెరిగిపోవచ్చు. మందులు రాసే డాక్టరుతో మాట్లాడి, ఏ రోజు ఏ మాత్ర ఎంత అని కాగితం మీద రాయించుకుని వెళ్లండి. అక్కడికెళ్లి "అన్నీ మానేశాను, ఎంత హాయిగా ఉందో" అనేవాళ్లు కనిపిస్తారు, వాళ్లని చూసి మానొద్దని అమ్మగారికి గట్టిగా చెప్పండి. బీపీ మాత్ర వేసుకుని ఆవిరి గదిలోంచి ఒక్కసారిగా లేచినా తల తిరుగుతుంది.

కాళ్లకి స్పర్శ తెలుస్తోందో లేదో ముందే చూపించుకోండి. నేను పనిచేసిన చోటే, షుగర్ ఉన్న ఒకాయన పాదాలకి వేడి పట్టీ వేసి అటెండరు ఫోన్ వస్తే బయటికి వెళ్లాడు. పెద్దాయనకి మంట తెలియలేదు, స్పర్శ లేదు కాబట్టి. తీసేసరికి బొబ్బలు. ఆ పుండు మానడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ రోజు డ్యూటీ నాది. ఆయన పాదాలు పరీక్షించకుండా వేడి పట్టీకి సంతకం పెట్టింది నేనే. అప్పటినుంచి షుగర్ ఉన్నవాళ్ల పాదాలు చూడకుండా ఏ చికిత్సా మొదలుపెట్టలేదు.

కొన్ని నొప్పులకి ఆశ్రమం కాదు, ఆసుపత్రి కావాలి. రాత్రి నిద్రలో లేపే నడుం నొప్పి, దాంతోపాటు సన్నగిల్లడమో సాయంత్రం జ్వరమో ఉంటే వెన్నుపూస టీబీ కావచ్చు, మన దగ్గర అది అరుదేమీ కాదు. ఒంటేలు ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా అదే రోజు ఎమర్జెన్సీకి వెళ్లాలి. గతంలో క్యాన్సర్ వచ్చినవాళ్లూ, స్టెరాయిడ్లు చాలాకాలం వాడినవాళ్లూ ముందు పరీక్షలు చేయించుకోవాలి. వేళ్ల కీళ్లు వాచి, పొద్దున్నే గంటసేపు బిగుసుకుపోయేది కీళ్లవాతమైతే, దానికి రాసిచ్చిన మెథోట్రెక్సేట్ లాంటి మందు ఆపి ఆశ్రమానికి వెళ్లడం కీళ్లని చేజేతులా పోగొట్టుకోవడమే.

మీవారి మేనమామగారిది నల్గొండ వైపు, మెడా నడుమూ వంగవు, ఆయన్ని కూడా పంపాలా అని అడిగారు. ఆయన చిన్నప్పటినుంచి ఏ నీళ్లు తాగారో ముందు కనుక్కోండి. ఫ్లోరైడ్ వల్ల ఎముకలు బిగుసుకుపోయే జబ్బుని మన దేశంలో వైద్యులు మొదట రాసిపెట్టిందే 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా, ఇప్పటి ప్రకాశం ప్రాంతంలో. నల్గొండ కథ అందరికీ తెలిసిందే. అలాంటి వెన్నుని గట్టిగా వంచి, విరిచి, మర్దన చేస్తే నరాలు దెబ్బతింటాయి. ఆయనకి ముందు ఎక్స్‌రే, న్యూరాలజిస్టు. ఆశ్రమం మాట తర్వాత.

చోటు ఎంచుకునేటప్పుడు బ్రోషర్‌లో తోట ఫోటోలు చూడకండి, ఫోన్ చేసి అడగండి. డ్యూటీలో ఉండే డాక్టరు ఏం చదివారు? ప్రకృతి వైద్యానికి బీఎన్‌వైఎస్ అని అయిదున్నరేళ్ల డిగ్రీ ఉంది, అది చదివినవాళ్లు రాత్రిపూట కూడా ఉంటారా? షుగర్, బీపీ రోజూ చూస్తారా? ఫిజియోథెరపిస్టు ఉన్నారా? వెళ్లేటప్పుడు ఇంటి దగ్గర చెయ్యాల్సినవి రాసిస్తారా, తర్వాత ఫోన్ చేస్తారా? ఈ చివరి ప్రశ్నకి తడబడితే ఇంకో చోటు చూసుకోండి. "21 రోజుల్లో పూర్తిగా నయం, గ్యారంటీ" అన్నారా, ఫోన్ పెట్టేయండి. పేరూ ఊరూ లేని పొడులు ఇస్తే తీసుకోవద్దు, వాటిలో కొన్నింట్లో స్టెరాయిడ్ కలుపుతారు. రెండు రోజుల్లో గుర్రంలా పరిగెత్తించే పొడి మీద ఎప్పుడూ అనుమానమే ఉండాలి. ఇంకోటి, 21 రోజుల్లో ఏడెనిమిది కిలోలు తగ్గించామని గొప్పలు చెప్పేచోటు అమ్మగారికి మంచిది కాదు. ఒంటి బరువు ఒక కిలో తగ్గితే అడుగు తీసి అడుగు వేసినప్పుడల్లా మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుంది, అది నిజమే. కానీ అంత త్వరగా పోయినదాంట్లో నీళ్లూ కండా కూడా ఉంటాయి, మోకాలిని మోసేది ఆ కండే.

ఇక 22వ రోజు.

ముందు ఇల్లు. వంటగదిలో కూర్చునే ఎత్తు స్టూలు, వెస్టర్న్ కమోడ్, పక్కన పట్టుకునే కడ్డీ. నేల మీద కూర్చుని చేసే పనులన్నీ బల్ల మీదికి. నాన్నగారు ఆ 21 రోజులు కాఫీ తనే పెట్టుకుని ఉంటారు కదా, 22వ రోజు మానాల్సిన అవసరం ఏముంది? ఇది నేను సరదాకి అనట్లేదు. బాగుందనిపించిన రోజు పేరుకుపోయిన పనులన్నీ చేసేసి, తర్వాత మూడు రోజులు మంచానపడడం, లేచి మళ్లీ అదే. దీర్ఘకాలం నొప్పి ఉన్న ఆడవాళ్లలో నేను ఎక్కువగా చూసేది ఇదే. బాగున్న రోజైనా బాగోని రోజైనా ఒకే కొలత పని చెయ్యాలి. నడక పది నిమిషాలంటే పదే. వారానికి ఒకటో రెండో నిమిషాలు పెంచాలి.

నడుం బెల్టు కొనిపెట్టారని రాశారు. బీరువాలో పెట్టండి. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలపు నడుం నొప్పి మీద ఇచ్చిన మార్గదర్శకాల్లో బెల్టులూ, ట్రాక్షనూ (నడుముని బరువులతో లాగడం) మామూలుగా వాడొద్దనే చెప్పింది. వ్యాయామం, నొప్పి గురించి అర్థమయ్యేలా చెప్పడం, మర్దన లాంటివి వాడొచ్చంది. "ఎమ్మారైలో డిస్కులు ఎండిపోయాయి" అన్నారని ఆమె భయపడుతున్నారేమో, ఏ నొప్పీ లేనివాళ్ల స్కాన్లు చూసినా ఇరవై ఏళ్లవాళ్లలోనే 37 శాతం మందిలో, ఎనభై ఏళ్లవాళ్లలో 96 శాతం మందిలో అలాగే కనిపిస్తుంది. తల నెరవడం లాంటిదని చెప్పండి.

ఆ తర్వాత మనుషులు. డెన్మార్క్‌లో 2013 నుంచి ఒక పద్ధతి నడుస్తోంది. మోకాలు, తుంటి అరిగినవాళ్లని ఊళ్లోని ఫిజియో దగ్గర చిన్న గుంపులుగా చేర్చి, రెండు మూడు తరగతులు జబ్బు గురించి చెప్పి, ఆరు వారాల్లో పన్నెండుసార్లు వ్యాయామం చేయిస్తారు. రిసార్టు లేదు, తోట లేదు. తర్వాత ఇతర దేశాలూ తెచ్చుకున్నాయి. నేను దాన్ని చూసే మా కాలనీలో మొదలుపెట్టాను. రామాలయం పక్క హాల్లో తొమ్మిదిమంది ఆడవాళ్లు, తొమ్మిది ప్లాస్టిక్ కుర్చీలు. వారానికి మూడు రోజులు, పొద్దున ఆరింటికి, అరగంట. కుర్చీలోంచి చేతులు పట్టుకోకుండా లేచి కూర్చోవడం, మోకాలి కింద తువ్వాలు పెట్టి నొక్కడం, పడుకుని కాలు చాపి పైకెత్తడం, గోడ పట్టుకుని మడమలెత్తడం, చివర నడక. మొదట్లో కుర్చీలోంచి మూడుసార్లు లేవలేనివాళ్లు నాలుగు నెలలకి పన్నెండుసార్లు లేస్తున్నారు. అందరికీ కాదు, ఇద్దరు మానేశారు, ఒకావిడకి చివరికి ఆపరేషనే అయింది, దానికి కూడా ముందు చేసిన వ్యాయామం పనికొచ్చింది.

అక్కడ రెండే నియమాలు. ఎవరైనా వరసగా రెండుసార్లు రాకపోతే ఒకరు వాళ్లింటికి వెళ్లాలి. నొప్పి కబుర్లు చివరి పది నిమిషాల్లోనే చెప్పుకోవాలి. రెండోది పెట్టకముందు అరగంటా "నాకు ఇక్కడ లాగుతోంది, మా చెల్లెలికి అక్కడ" అనే సరిపోయేది. అలాగని కబుర్లు పూర్తిగా ఆపేస్తే ఎవరూ రారు, అదీ చూశాను.

మీ అమ్మగారి వీధిలో ఇలాంటిది లేకపోతే పెట్టించండి. నలుగురైనా చాలు. డ్వాక్రా గ్రూపులో ఉన్నారా? నెలనెలా కలిసే పదిమంది అక్కడ సిద్ధంగా ఉంటారు, వాళ్లలో కనీసం ముగ్గురికి మోకాళ్లు నొప్పే. ఆశ్రమానికి కూడా ఒంటరిగా పంపకుండా, అదే వీధిలో ఇంకొకరిని జతచేసి పంపితే తిరిగొచ్చాక గుంపుకి ఇద్దరు సిద్ధం. ఆశ్రమానికి పెట్టే ఖర్చులో కొంత మిగిల్చి, దగ్గర్లోని ఫిజియోథెరపిస్టుని మొదటి ఆరు వారాలు వారానికోసారి ఆ గుంపు దగ్గరికి పిలిపించండి. తలా కొంచెం వేసుకుంటే సినిమా టికెట్టంత కూడా పడదు. నొప్పి పెరిగిన రోజు ఏం చెయ్యాలో కూడా ఆమెతో రాయించి పెట్టండి. వ్యాయామం సగానికి తగ్గించాలి, మానెయ్యకూడదు. నొప్పి మాత్రలు వాడితే డాక్టరు చెప్పినన్ని రోజులే, షుగర్, బీపీ ఉన్నవాళ్లకి అవి కిడ్నీల మీద పడతాయి.

మీరు వచ్చే నెల అంటున్నారు. రాజమండ్రి ఎండల్లో ఆవిరి స్నానాలూ ఉపవాసమూ వద్దు, వానలు పడ్డాక పంపండి. ఆలోపు మూడు విషయాలు రాయండి, చూసి చెప్తాను: ఆమె వేసుకునే మాత్రలన్నిటి పేర్లు, ఈ మధ్య చేయించిన హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష) అంకెలు, చేతులు పట్టుకోకుండా కుర్చీలోంచి అర నిమిషంలో ఎన్నిసార్లు లేవగలుగుతున్నారో. ఆ మూడోది పక్కన మీరుండి, కుర్చీని గోడకి ఆనించి లెక్కపెట్టండి.